టార్చిలైటు సెల్లు మీద అంకె ఏం చెబుతుంది, ఏం దాస్తుంది

భీమవరంలోనో అమలాపురంలోనో ఎలక్ట్రికల్ షాపుకి వెళ్లి "చెరువు కాపలాకి మంచి లైటు చూపించండి" అంటే కౌంటర్ మీదకి ఐదారు రకాలు వస్తాయి. ఒకదాని వెనక నుంచి రెండు పిన్నుల ప్లగ్గు బయటికి జరుగుతుంది, నేరుగా గోడకి గుచ్చడమే. ఇంకోదానికి ఫోన్ ఛార్జర్ వైరు చాలు. మరోదానిలో బొటనవేలంత లావు సెల్లు విడిగా ఉంటుంది, దాని మీద 9900 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాలు. పక్కనే అచ్చం అదే సైజు సెల్లు, 3000 అని రాసి ఉంది, ధర మాత్రం ఎక్కువ. మూడో వంతు సరుకుకి ఎక్కువ డబ్బులేంటని అడిగితే షాపాయన దగ్గర "అది కంపెనీది సార్" అన్న మాట తప్ప వేరే సమాధానం ఉండదు.

దీనికి తోడు భయం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. ఆ వార్త తర్వాత లిథియం అన్న మాట వింటేనే చాలామందికి టెన్షన్. టార్చిలో ఉండేదీ లిథియమే కదా, పిల్లలున్న ఇంట్లో పెట్టుకోవచ్చా అన్న ప్రశ్న సహజం.

పెద్ద అంకె మీద మోజుకీ, పేలుతుందన్న భయానికీ మూలం ఒకటే. సెల్లుని ఒక్కదాన్నే విడిగా చూసి మంచిదా చెడ్డదా తేల్చాలనుకోవడం. అది ఏ టార్చిలో కూర్చుంటుంది, ఏ ఛార్జర్ దాన్ని నింపుతుంది, ఎవరి చేతిలో ఉంటుంది అన్నవి కలిస్తేనే మంచీ చెడూ తేలతాయి.

ఇక్కడ టార్చికి పడే పని

ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువు గట్టు మీద కాపలా మనిషికి రాత్రంతా వెలిగే లైటు అక్కర్లేదు. గట్టు మీద నడిచేటప్పుడు అడుగు ముందు పాముందో లేదో కనబడాలి. చెక్ ట్రే పైకి లాగినప్పుడు మేత ఎంత మిగిలింది, రొయ్య పేగు నిండిందా లేదా అన్నది దగ్గరగా కనబడాలి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళకి మాత్రం అవతలి గట్టు దాకా వెలుగు కొట్టి రొయ్యలు పైకి తేలుతున్నాయా, ఏరియేటర్ చక్రాలన్నీ తిరుగుతున్నాయా చూసుకోవాలి. అంటే కాసేపు గట్టి వెలుగు, మిగతా టైమంతా మామూలు వెలుగు.

లంక గ్రామాల అవసరం వేరు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో మూడో హెచ్చరిక కూడా దాటి పాతిక లక్షల క్యూసెక్కులకి పైగా వరద వచ్చింది. అలాంటి రోజుల్లో కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అప్పుడు కావలసింది అవతలి ఒడ్డు దాకా కొట్టే లైటు కాదు. నెలల తరబడి బీరువాలో పడి ఉన్నా, తీసి నొక్కగానే వెలిగి, సన్నటి వెలుగుతో ఐదారు రాత్రులు నడిచేది కావాలి.

ఈ రెండు పనులకీ ఒకే సెల్లు సరిపోవచ్చు, సరిపోకపోనూవచ్చు. తేల్చుకోవడానికి కొంచెం లెక్క కావాలి.

వోల్టు, ఆంపియర్, ఎంఏహెచ్

చెరువులో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయన్నది వోల్టేజీ. తూములోంచి ఎంత ధారగా దూకుతున్నాయన్నది కరెంటు, దాన్ని ఆంపియర్లలో కొలుస్తారు. మొత్తం ఎన్ని నీళ్లున్నాయన్నది ఎంఏహెచ్, అంటే మిల్లీ ఆంపియర్ అవర్. నీళ్లు ఎన్ని ఉన్నాయో ఒక్కటే చెబితే సరిపోదు, ఏ ఎత్తు నుంచి పడుతున్నాయో కూడా తెలిస్తేనే వాటితో ఎంత పని అవుతుందో తెలుస్తుంది.

అందుకే సెల్లుల్ని పోల్చడానికి వాట్ అవర్ అనే కొలత వాడతారు. ఎంఏహెచ్‌ను వెయ్యితో భాగించి వోల్టులతో గుణిస్తే అది వస్తుంది. రిమోట్‌లో వేసే ఏఏ సైజులో రీఛార్జబుల్ సెల్లు 2000 ఎంఏహెచ్, 1.2 వోల్టులు. అంటే 2.4 వాట్ అవర్లు. లావు లిథియం సెల్లు 3000 ఎంఏహెచ్, 3.6 వోల్టులు. అంటే 10.8 వాట్ అవర్లు. ఎంఏహెచ్ చూస్తే మొదటిది రెండోదానిలో మూడింట రెండు వంతులు అనిపిస్తుంది. నిజానికి నాలుగో వంతు కూడా లేదు.

సెల్లుల్లో రకాలు

మన ఇళ్లలో పాతికేళ్ల కిందటి దాకా టార్చి అంటే ఎవరెడీయో నిప్పోనో లావు సెల్లులు రెండో మూడో వేసేది. వెలుగు తగ్గితే సెల్లులు తీసి ఎండలో పెట్టేవాళ్లం. వేడికి లోపలి రసాయన చర్య కాస్త పుంజుకుని ఇంకో రెండు రోజులు వెలిగేది. వాటిని ఛార్జ్ చేయడానికి లేదు కాబట్టి ఈ వ్యాసంలో వాటి పని అయిపోయింది. ఎండలో పెట్టే అలవాటు గురించి మాత్రం కింద మళ్లీ చెప్పుకోవాలి.

గోడకి గుచ్చే టార్చిల్లోనూ ఎమర్జెన్సీ లైట్లలోనూ ఎక్కువగా ఉండేది 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. బరువెక్కువ, దాచుకునే శక్తి తక్కువ. కిలో బరువుకి 30 నుంచి 40 వాట్ అవర్లు. పూర్తిగా దిగిపోయిన స్థితిలో నెలల తరబడి వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్లీ ఛార్జ్ తీసుకోదు. వానాకాలంలో వాడి, వేసవి అంతా అటక మీద పడేసిన లైటు మళ్లీ వానలకి వెలగకపోవడానికి మామూలు కారణం ఇదే. దీన్ని సమర్థించేవాళ్ల మాటలోనూ నిజం ఉంది. చవక, ఊళ్లో ఏ మెకానిక్ అయినా బ్యాటరీ మార్చగలడు, లిథియంలా మంటలు లేచే గుణం దీనికి లేదు.

అయితే ప్రమాదం వేరేచోట ఉంది. చవక రకాల్లో ఇంటి కరెంటు 230 వోల్టుల్ని తగ్గించడానికి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టరు. ఒక కెపాసిటర్, కొన్ని డయోడ్లు, అంతే. కరెంటు తగ్గుతుంది గానీ గోడలోని లైనుకీ టార్చి లోపలి తీగలకీ మధ్య అడ్డుగోడ ఉండదు. ఛార్జింగ్‌లో ఉండగా ప్లాస్టిక్ పగిలిన చోట తడి చెయ్యి తగిలితే మెయిన్ లైను తగిలినట్టే. చెరువు గట్టు షెడ్డులో చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. అందరూ లిథియం గురించి భయపడతారు గానీ, నా లెక్కలో ఈ ప్రాంతంలో ముందు భయపడాల్సింది ఈ రెండు పిన్నుల ప్లగ్గు గురించి.

నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు ఏఏ, ఏఏఏ సైజుల్లో వస్తాయి. ఇవి నెమ్మదస్తులు. పాత రకాలు వాడకుండా పెట్టినా నెలలోనే చాలా భాగం ఖాళీ అయ్యేవి. 2005లో జపాన్‌లో శాన్యో కంపెనీ ఎనెలూప్ పేరుతో తెచ్చిన రకం ఆ లోపాన్ని చాలావరకు తీర్చింది. ఈ తరహా సెల్లుని ఏడాది పక్కన పెట్టినా ఛార్జ్‌లో ఎక్కువ భాగం నిలుస్తుంది. అవసరమైతే అదే టార్చిలో కిరాణా కొట్టు సెల్లులూ వేసుకోవచ్చు. వరద రోజుల్లో ఇది చిన్న సౌకర్యం కాదు.

ఇక లిథియం అయాన్. సోనీ కంపెనీ 1991లో దీన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. దీనికి పునాది వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఒక్క సెల్లే 3.6 వోల్టులు ఇస్తుంది, నిండుగా ఛార్జ్ అయితే 4.2. కిలోకి 250 వాట్ అవర్ల పైచిలుకు. ఇందులోనే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే మరో రకం ఉంది. 3.2 వోల్టులే ఇస్తుంది, శక్తి సగం దగ్గరే ఆగుతుంది గానీ వేడిని బాగా తట్టుకుంటుంది, ఎక్కువ సార్లు ఛార్జ్ అవుతుంది.

18650 అంటే పేరు కాదు, కొలత

లావు లిథియం సెల్లు మీద 18650 అని ఉంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. చివరి సున్నా గుండ్రటి గొట్టం ఆకారానికి గుర్తు. అలాగే 21700 అంటే 21 మందం, 70 పొడవు. ఈ అంకె కంపెనీ పేరు చెప్పదు, లోపలి రసాయనం చెప్పదు, నాణ్యత అసలే చెప్పదు.

ఇక్కడే ఒక చిక్కు. 14500 అనే లిథియం సెల్లు అచ్చంగా ఏఏ సైజులో ఉంటుంది. 1.5 వోల్టుల ఏఏ సెల్లు కోసం చేసిన టార్చిలో దీన్ని దూర్చితే చక్కగా పడుతుంది, నొక్కగానే కళ్లు చెదిరేలా వెలుగుతుంది, కాసేపట్లో మాడిపోతుంది. 1.5 ఉండాల్సిన చోట 4.2 వోల్టులు. రెండు సెల్లుల టార్చి అయితే 3కి బదులు 8.4. రెండు రకాలూ నడిచేలా చేసిన టార్చిలు ఉన్నాయి, వాటి కాగితంలో ఆ సంగతి స్పష్టంగా రాసి ఉంటుంది. రాయలేదంటే నడవదనే లెక్క.

9900 ఎంఏహెచ్ ఎందుకు కుదరదు

పానాసోనిక్, శాంసంగ్, ఎల్‌జీ, మురాటా లాంటి పెద్ద తయారీదారుల 18650 సెల్లుల్లో ఏళ్ల తరబడి గరిష్ఠంగా నిలిచిన సామర్థ్యం 3500 ఎంఏహెచ్ చుట్టుపక్కలే. 21700లో 5000 మామూలు, ఈమధ్య అంతకు కొంచెం పైన కూడా వస్తున్నాయి. ఎవరి ఫ్యాక్టరీలో చేసినా ఆ గొట్టంలో పట్టే పదార్థం అంతే.

3500 ఎంఏహెచ్ సెల్లులో 12.6 వాట్ అవర్లు ఉంటాయి, బరువు 48 గ్రాముల దగ్గర. కిలో లెక్కన 262 వాట్ అవర్లు. 9900 నిజమైతే అదే గొట్టంలో 35 వాట్ అవర్ల పైన ఉండాలి, కిలోకి 740 దాటుతుంది. అలాంటి సెల్లే ఉంటే దాన్ని టార్చిలో పెట్టి అమ్మరు. కార్ల కంపెనీలు ఎగరేసుకుపోతాయి.

ఈ అబద్ధాన్ని పట్టుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు, బంగారం కొట్టులో కాటా చాలు. మంచి 18650 సెల్లు 45 నుంచి 49 గ్రాములు తూగుతుంది. 30, 35 గ్రాములు తూగిందంటే లోపల సరుకు లేనట్టే. కొన్నిటిలో పెద్ద గొట్టం లోపల చిన్న సెల్లు పెట్టి మూసేస్తారు. ఇంకొన్ని పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసినవి, పైన కొత్త ప్లాస్టిక్ తొడుగు వేసి కొత్తవిగా అమ్ముతారు. ఇవి బరువులో సరిగ్గానే తూగుతాయి, కాటా వీటిని పట్టుకోలేదు. ఒకప్పుడు మంచి కంపెనీవే అయినా వాటి ఆయుష్షు ఎంత అయిపోయిందో పైకి తెలియదు.

ఎక్కువ కాలమా, ఎక్కువ వెలుగా

అసలు సెల్లుల్లోనూ రెండు తెగలున్నాయి. ఎక్కువ దాచుకునేవి, ఎక్కువ ధారగా ఇవ్వగలిగేవి. ఎల్‌జీ ఎంజే1 అనే సెల్లు 3500 ఎంఏహెచ్ దాచుకుంటుంది, ఏకధాటిగా 10 ఆంపియర్ల వరకు ఇవ్వగలదు. శాంసంగ్ 30క్యూ దాచుకునేది 3000, ఇవ్వగలిగేది 15 ఆంపియర్లు. అదే కంపెనీ 25ఆర్ 2500 దాచుకుని 20 ఆంపియర్లు ఇస్తుంది. ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది.

టార్చికి ఎన్ని ఆంపియర్లు కావాలి? మంచి ఎల్‌ఈడీ టార్చి ఒక వాట్‌కి సుమారు 100 ల్యూమెన్ల వెలుగు ఇస్తుందనుకుంటే, 1000 ల్యూమెన్లకి 10 వాట్లు. 3.6 వోల్టుల సెల్లు నుంచి అది దాదాపు 3 ఆంపియర్లు. పైన చెప్పిన ఏ సెల్లయినా తేలిగ్గా ఇస్తుంది. 4000 ల్యూమెన్లు అని రాసిన ఒంటి సెల్లు టార్చి అయితే 11 ఆంపియర్లు దాటుతుంది. అక్కడ 3500 సెల్లు కన్నా 3000 సెల్లే మేలు.

నాసిరకం సెల్లు దగ్గర ఇదే లెక్క వేరేగా తిరుగుతుంది. ప్రతి సెల్లు లోపలా కొంత నిరోధం ఉంటుంది. మంచిదానిలో 0.03 ఓమ్ అనుకుందాం, పాతబడిన లేదా నకిలీ సెల్లులో 0.2 ఓమ్. 3 ఆంపియర్లు లాగితే మంచిదానిలో 0.09 వోల్టు పడిపోతుంది, పావు వాట్ చిల్లర వేడి పుడుతుంది. రెండోదానిలో 0.6 వోల్టు పడిపోతుంది, దాదాపు 2 వాట్ల వేడి సెల్లు లోపలే పుడుతుంది. ఫుల్లు ఛార్జింగ్ పెట్టినా నొక్కిన నిమిషానికే వెలుగు డీలా పడి, టార్చి వెనక భాగం చేతికి వెచ్చగా తగలడానికి కారణం ఇదే. ఎల్‌ఈడీ ఉన్న ముందు భాగం వేడెక్కడం మామూలే. సెల్లు ఉన్న గొట్టం దానికంటే ముందే వేడెక్కితే అనుమానించాలి.

మంట ఎలా మొదలవుతుంది

లిథియం సెల్లు లోపల రెండు పొరల మధ్య పల్చటి ప్లాస్టిక్ తెర ఉంటుంది, చుట్టూ మండే గుణమున్న ద్రవం. ఛార్జ్ 4.2 వోల్టులు బాగా దాటినా, లోపల షార్ట్ అయినా, బయటి నుంచి వేడి సోకినా ఉష్ణోగ్రత పెరగడం మొదలవుతుంది. వంద డిగ్రీల అటూ ఇటూ వచ్చేసరికి లోపలి చర్యలే సొంతంగా వేడి పుట్టిస్తాయి. 130 డిగ్రీల ప్రాంతంలో ఆ తెర కరుగుతుంది. ఇంకా పైకి వెళ్తే కోబాల్ట్, నికెల్ ఉన్న రకాలు తమలోంచే ఆక్సిజన్ విడుదల చేస్తాయి. అందుకే గుడ్డ కప్పి ఊపిరాడకుండా చేసినంత మాత్రాన ఆగదు, బాగా నీళ్లు పోసి చల్లార్చాలి. ఐరన్ ఫాస్ఫేట్ రకంలో ఆక్సిజన్ ఫాస్ఫరస్‌తో గట్టిగా కట్టుబడి ఉంటుంది, అంత తేలిగ్గా ఊడిరాదు. దాన్ని భద్రమైనదనేది ఇందుకే.

స్కూటర్ బ్యాటరీతో పోలిస్తే టార్చి సెల్లు చాలా చిన్నది, అందులో వందో వంతు శక్తి ఉంటే గొప్ప. కానీ టార్చికి ఒక ఇబ్బంది ఉంది. నీళ్లు దూరకుండా రబ్బరు రింగులతో బిగించిన అల్యూమినియం గొట్టం అది. సెల్లు వదిలే గ్యాస్ బయటికి పోవడానికి దారి లేకపోతే ఒత్తిడి పెరిగి గొట్టమే పేలుతుంది.

మామూలు వాడకంలో ఇది ఎలా జరగొచ్చు? ఎక్కువగా రెండు దారుల్లో. మొదటిది చిరిగిన తొడుగు. 18650 సెల్లు నిటారుగా నిలబెట్టి పై అంచు చూడండి. మధ్యలో బొడిపె పాజిటివ్, దాని చుట్టూ తెల్లటి కాగితపు రింగు, ఆ రింగు అంచు దాటగానే గొట్టం మొత్తం నెగెటివ్. రెంటికీ మధ్య ఉన్నది మిల్లీమీటర్ల దూరం, ఆ కాగితం, పైన పల్చటి ప్లాస్టిక్ తొడుగు. జేబులో తాళంచెవులు, చిల్లరతో పాటు పడేస్తే ఆ మిల్లీమీటర్ల దూరాన్ని ఒక రూపాయి బిళ్ల కలిపేస్తుంది.

రెండోది జత కుదరని సెల్లులు. పాత ఎవరెడీ రోజుల్లో మూడింటిలో ఒక్కటి మార్చి నెట్టుకొచ్చేవాళ్లం, మహా అయితే కారి తుప్పు పట్టేది. లిథియంలో ఆ వేషాలు చెల్లవు. ఒకదాని వెనక ఒకటి ఉన్న టార్చిలో కొత్తది 3000, పాతది 2000 అనుకోండి. 2000 ఖర్చయ్యాక పాతది ఖాళీ, కొత్తదానిలో ఇంకా వెయ్యి ఉంది. ఆ కరెంటు ఖాళీ సెల్లు గుండానే పోవాలి కాబట్టి దాన్ని ఎదురు దిశలో తోస్తుంది. లోపల దెబ్బతిన్న ఆ సెల్లు అప్పుడే కాకపోయినా తర్వాత ఛార్జింగ్ పెట్టినప్పుడు వేడెక్కొచ్చు. నలుగురు చేతులు మారే టార్చికి ఒంటి సెల్లు రకమే మంచిదని నా అభిప్రాయం. పోల్చుకునే జతే లేదు కదా.

రక్షణ సర్క్యూట్ ఉన్నదా, లేనిదా

టార్చి ప్రియుల్లో తెగని వాదన ఇది. కొన్ని సెల్లుల అడుగున గుండ్రటి చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది. ఛార్జ్ మితిమీరినా, మరీ అడుగంటినా, షార్ట్ అయినా అది కరెంటు ఆపేస్తుంది. దీనివల్ల సెల్లు పొడవు 65 నుంచి 69, 70 మిల్లీమీటర్లకి పెరుగుతుంది.

వద్దనేవాళ్లు చెప్పేది ఇదీ. మంచి టార్చి తనే వోల్టేజీ చూసుకుని ఆగిపోతుంది, మంచి ఛార్జర్ 4.2 దగ్గర ఆగుతుంది, ఇంకా సెల్లులో సర్క్యూట్ ఎందుకు? అది ఎక్కువ కరెంటు లాగితే మధ్యలో ఆపేస్తుంది, పొడవు పెరిగి కొన్ని టార్చిల్లో పట్టదు. పాము మీద లైటు వేసిన క్షణంలో ఆరిపోతే అది రక్షణ ఎలా అవుతుందని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే.

కావాలనేవాళ్ల మాట: మంచి టార్చి, మంచి ఛార్జర్, జాగ్రత్త తెలిసిన మనిషి అన్న మూడూ ఎప్పుడూ ఒకచోట ఉండవు. సెల్లు తయారుచేసే కంపెనీలే ఈ వట్టి సెల్లుల్ని విడిగా జనానికి అమ్మడానికి చేయలేదని చెబుతున్నాయి. సర్క్యూట్‌తో కలిపి బ్యాటరీ ప్యాకుల్లో వాడాలన్నది వాటి ఉద్దేశం. అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ కూడా 2021 జనవరిలో విడి 18650 సెల్లులు కొనొద్దని హెచ్చరించింది.

రెండు వాదనలూ సరైనవే, అవి దృష్టిలో పెట్టుకున్న మనుషులు వేరు. ఎప్పుడు ఏ సెల్లు ఎన్ని సార్లు ఛార్జ్ చేశాడో గుర్తుపెట్టుకునేవాడికి సర్క్యూట్ అడ్డే. షిఫ్టుకి ఒకరు వాడే చెరువు లైటుకి అది ఉండాల్సిందే. కొన్ని బ్రాండ్లు మధ్యేమార్గంగా సర్క్యూట్, యూఎస్‌బీ ఛార్జింగ్ రెండూ టార్చి లోపలే పెట్టి, సెల్లుని మాత్రం విప్పి మార్చుకునేలా వదులుతున్నాయి. ఊళ్లో వాడకానికి నాకు సబబుగా తోచేది ఈ తరహానే. సెల్లు పూర్తిగా మూసేసిన టార్చి రెండేళ్లకి చస్తే లైటు మొత్తం పారేయాల్సిందే.

ఒక రాత్రి కాపలా, ఐదు రాత్రుల వరద

రాత్రి 7 నుంచి పొద్దున 5 దాకా రెండు గంటలకోసారి 20 నిమిషాల చుట్టు అనుకుందాం. ఐదు చుట్లు, 100 నిమిషాలు. 300 ల్యూమెన్ల దగ్గర 3 వాట్లు, మొత్తం 5 వాట్ అవర్లు. మధ్యలో అవతలి గట్టు చూడటానికి 1000 ల్యూమెన్లు కలిపి పది నిమిషాలు, 1.7 వాట్ అవర్లు. రాత్రికి 6.7.

నిజమైన 3000 ఎంఏహెచ్ 18650లో 10.8 ఉంది, హాయిగా సరిపోయి మిగులుతుంది. మూడు ఏఏ నికెల్ సెల్లుల టార్చిలో 7.2, తెల్లారేసరికి బొటాబొటి, పైగా 1000 ల్యూమెన్లు వాటికి బరువు. ఐరన్ ఫాస్ఫేట్ 18650 సుమారు 1500 ఎంఏహెచ్, 4.8 వాట్ అవర్లు, అర్ధరాత్రి దాటాక రెండో సెల్లు కావాలి. 9900 అని రాసి లోపల 1000 ఉన్నదానిలో 3.6 మాత్రమే. మూడో చుట్టు అయ్యేసరికి ఖాళీ.

వరద ఇంటి లెక్క పూర్తిగా వేరు. గది మసకగా కనబడటానికి 20 ల్యూమెన్లు చాలు, పావు వాట్ అనుకోండి. రాత్రికి 6 గంటలు, 1.5 వాట్ అవర్లు. ఐదు రాత్రులకి 7.5. అదే 3000 సెల్లు వారం దాకా లాగుతుంది. ఏఏ సెల్లులు మూడైతే ఐదో రాత్రి ఆగిపోయినా, కిరాణా కొట్టులో దొరికే సెల్లులతో నడుస్తాయి. ఇక్కడ ఎక్కువ శక్తి ఉన్నదే గెలుస్తుందని చెప్పలేం. ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే నేను ఏఏ రకమే పెట్టి వస్తాను.

బటన్ మెత్తగా నొక్కితే వెలిగే టార్చిల్లో లోపలి చిన్న చిప్ ఆపేసి ఉన్నప్పుడు కూడా కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది. కొన్నిటిలో నెలల్లో సెల్లు ఖాళీ అవుతుంది. వెనక మూత పావు చుట్టు వదులు చేస్తే చాలా టార్చిల్లో ఆ లైను తెగిపోతుంది.

ఛార్జర్, రేకుల షెడ్డు, ఉప్పుగాలి

లిథియం ఛార్జర్ ముందు ఒకే కరెంటుతో నింపి, 4.2 వోల్టులు వచ్చాక ఆ వోల్టేజీ దగ్గర నిలిపి కరెంటుని తగ్గిస్తూ పోతుంది, చివరికి ఆపేస్తుంది. 3000 సెల్లు 1 ఆంపియర్ ఛార్జర్‌తో మూడున్నర నాలుగు గంటలు, అర ఆంపియర్‌తో ఏడు గంటలు పడుతుంది. గంటలో నింపేస్తానన్న చవక ఛార్జర్ గొప్ప కాదు. నికెల్ సెల్లుల ఛార్జర్‌లో లిథియం పెట్టడం, ఐరన్ ఫాస్ఫేట్ సెల్లుని 4.2 ఛార్జర్‌లో పెట్టడం రెండూ తప్పే. రెండోదాని హద్దు 3.65.

కొత్త టార్చి యూఎస్‌బీ-సి అని చెప్పినా, కొన్ని రెండు వైపులా సి ఉన్న కేబుల్‌తో ఛార్జ్ కావు. పాత వెడల్పు పిన్ను కేబుల్ అయితేనే ఎక్కుతాయి. సాకెట్ దగ్గర ఉండాల్సిన 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండింటిని తయారీలో మానేయడమే కారణం. పైసల్లో వచ్చే వస్తువు దగ్గర పొదుపు చేసినవాడు లోపల సెల్లు దగ్గర ఏం చేసి ఉంటాడో ఊహించుకోవచ్చు.

ఛార్జింగ్‌కి తయారీదారులు మామూలుగా చెప్పే హద్దు 45 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో కప్పుకి దగ్గరగా అంత వేడి తేలిగ్గా వస్తుంది. నిండా ఛార్జ్ చేసి అలాంటి వేడిలో వదిలేస్తే సెల్లు తొందరగా ముసలిదవుతుంది. వేసవి అంతా వాడని సెల్లుని సగం ఛార్జ్‌తో చల్లటి చోట పెట్టమనేది ఇందుకే. సెల్లుల్ని ఎండలో పెట్టే పాత అలవాటుని ఇక్కడితో వదిలేయాలి.

ఉప్పునీటి చెరువుల దగ్గర ఇంకో శత్రువు తుప్పు. టార్చి మీద ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని అర్థం. ఆ పరీక్ష మంచినీళ్లతో, కొత్త రబ్బరు రింగులతో చేసింది. ఉప్పునీళ్లు లోపలికి వెళ్లిన సెల్లుని తుడిచి ఆరబెట్టి మళ్లీ ఛార్జింగ్ పెట్టడం పైకి కనిపించినంత మామూలు పని కాదు. ఉప్పు మిగిలిన చోట సర్క్యూట్ బోర్డు మీద కరెంటుకి కొత్త దారులు ఏర్పడతాయి.

ముద్ర ఉందా, పాతది ఎక్కడికి పోతుంది

మన దేశంలో చేతిలో పట్టుకు తిరిగే వస్తువుల్లోని లిథియం సెల్లులకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ప్రమాణం ఐఎస్ 16046. సెల్లు మీద ఆ ముద్ర, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీ పేరు మీద ఉందో కనబడుతుంది. నంబరు ఒకరిది, తొడుగు మీద పేరు ఇంకొకరిది అయితే కథ అక్కడే తెలిసిపోతుంది. ముద్ర ఉన్నంత మాత్రాన సెల్లు గొప్పదని కాదు, కనీస భద్రతా పరీక్షలు దాటిన రకమని మాత్రమే.

పాతబడిన సెల్లుల కోసం 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వచ్చాయి. వెనక్కి సేకరించి రీసైక్లింగ్‌కి పంపే బాధ్యతని తయారీదారుల మీదా దిగుమతిదారుల మీదా పెట్టాయి. ఆచరణలో లెడ్ బ్యాటరీకి పాత ఇనుప సామాన్ల వాడు డబ్బులిస్తాడు కాబట్టి అది దానంతట అదే వెనక్కి వెళ్తుంది. ఒక్క లిథియం సెల్లుకి అతను పైసా ఇవ్వడు, అది చెత్తబుట్టలోకో పంటకాలవ గట్టు మీదకో చేరుతుంది. చచ్చిందనుకున్న సెల్లులో కూడా షార్ట్ అయితే నిప్పు రవ్వ పుట్టించేంత ఛార్జ్ మిగిలి ఉండొచ్చు. రెండు కొసలకీ ఇన్సులేషన్ టేపు చుట్టి, పొడిగా ఉన్న డబ్బాలో వేసి, కొత్తది కొనడానికి వెళ్లినప్పుడు షాపాయన చేతిలో పెట్టి తీసుకుంటారా అని అడగడం మొదలుపెడితే ఆ నియమాలు మన ఊళ్ల దాకా వచ్చినట్టు.